కలగాపులగం బడిలో మా చిన్ని వెనకబడుతోందా? ఏం చెయ్యమంటారు?

కుట్టుమిషను_రాయగడ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. టైపు చెయ్యడం నాకు రాదు, ఫోనుకి చెప్తుంటే అదే రాసుకుంటోంది. తప్పులుంటే అవి ఫోనువి.

మా పిల్ల చిన్ని మూడో తరగతి. మా వీధి చివరే ఒడియా మీడియం సర్కారు బడి. పిల్లలు 71 మంది, టీచర్లు ముగ్గురు, తరగతులు అయిదు. అంటే మూడోదాన్నీ నాలుగోదాన్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి గురుమా అటు కాసేపు, ఇటు కాసేపు చెప్తుంది. (ఇక్కడ ఆడ టీచరుని గురుమా అంటారు.) చిన్ని తరగతిలో 16 మంది. మొన్న కూర్చుని లెక్కపెట్టాను. ఒడియా వాళ్ళు ఆరుగురు, మన తెలుగోళ్ళు అయిదుగురు, కువి మాట్లాడే కోందు గిరిజనుల పిల్లలు నలుగురు, బీహారు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ కొడుకు ఒకడు. ఆటల దగ్గర అందరూ దేశియాలో పడిపోతారు. (ఇక్కడ అన్ని రకాల వాళ్ళూ కలిసి మాట్లాడుకునే ఒడియా యాస అది.) ఎవరిది ఏ భాషో అప్పుడు కనిపెట్టలేం. దెబ్బలాటొస్తే మాత్రం ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటారట.

మేం ఎక్కడినుంచో వలస వచ్చిన వాళ్ళం కాదు. మా మామగారి తాత కూడా ఇక్కడే పుట్టాడు. 1936 ఏప్రిల్ 1కి ముందు ఇదంతా మద్రాసు వాళ్ళ విశాఖపట్నం జిల్లా. ఆ రోజున ఒడిశా వేరుపడింది, గీత మా ఇంటి మీంచి వెళ్ళిపోయింది, అంతే. అందుకే ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాకు కొత్తేం కాదు. నేను మాత్రం ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఒడియా గడగడా మాట్లాడతాను గానీ చదవమంటే బస్సు బోర్డు వరకే.

చిన్ని ఒకటో తరగతి పార్వతీపురంలో మా అమ్మ దగ్గర చదివింది. అప్పుడు నాకు ఆపరేషనయింది, పిల్లని చూసుకునే ఓపిక లేదు. రెండో తరగతికి ఇక్కడికి తెచ్చుకున్నాం.

బడిలో పిల్లకి ఏ లోటూ లేదు, ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. మొన్న సరస్వతీ పూజకి నన్నూ రమ్మన్నారు. ఒడియా తల్లులు ఖీరి తెచ్చారు, మేం పులిహోర తీసుకెళ్ళాం. ఒక కోందు తల్లి ఉడకబెట్టిన కందికాయలు బుట్టెడు తెచ్చి, అందరి వంటలూ చూసి పాపం చాటుగా బుట్ట వెనక పెట్టేసింది. పిల్లలు కనిపెట్టేశారు. ముందు ఖాళీ అయింది ఆ బుట్టే. అదే రోజు కొత్త పిల్లలకి ఖడి పట్టించారు. మనం బియ్యంలో ఓనమాలు దిద్దిస్తాం కదా, వీళ్ళు నేల మీద సుద్దతో మూడు గుండ్రాలు గీయిస్తారు, బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుడు అని. మా చిన్నోడికి రెండూ చేయించేశాను, ఏదో ఒకటి పట్టకపోదు.

ఇక అసలు సంగతి. ట్యూషనుకి పంపుతున్నా చిన్నికి 50కి ఒడియాలో 19, లెక్కల్లో 16 వచ్చాయి. ఇంట్లో చూస్తే అలాగ లేదు. నాలుగు బ్లౌజులు, ఒక్కోదానికి ఆరు హుక్కులు అంటే, నేను వేళ్ళు మడిచేలోపు "రెండు డజన్లమ్మా" అంటుంది. లైనింగు పోను ఎంత మిగులుతుందో కూడా చెప్పేస్తుంది. అలాంటి పిల్లకి లెక్కల్లో 16 ఏటి?

మా ఆయన మిల్లు నుంచి వచ్చి ఆ కాయితం చూశాడు. "నాలుగు భాషల కలగాపులగంలో పడేశావు, ఒక్కటీ రాకుండా పోతోంది" అన్నాడు. రెండు దారులు చెప్పాడు. ఒకటి, ఇక్కడే ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి. రెండోది, మళ్ళీ పార్వతీపురం పంపెయ్యడం. ఫారం కూడా తెచ్చి బీరువాలో పెట్టాడు. మొదటిదానికి నెలకి నా కుట్టుకూలి సగం పోతుంది. రెండోదానికి నా ప్రాణం పోతుంది.

నా ప్రశ్న ఒక్కటే. ఇన్ని భాషల పిల్లల మధ్య కూర్చున్నందుకే దీని చదువు పాడవుతోందా? ఇలాంటి బడిలో చదివినవాళ్ళు గానీ, చెప్పినవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. ఊరికే ధైర్యం చెప్పకండి, నిజం చెప్పండి.

రైలుబండి_నాన్న:

చెల్లీ, ఎందుకు ప్రయోగాలు? ఇంగ్లీషు మీడియంలో వేసెయ్. మా ఇద్దరినీ అలాగే వేశాను. రేపు ఉద్యోగానికి ఒడియా అడుగుతారా, తెలుగు అడుగుతారా? ఇంగ్లీషే అడుగుతారు.

పర్లాకిమిడి_మేష్టారు:

పై వారికి ముందు ఒక సవరణ. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియానే అడుగుతారు. మిడిల్ స్కూలు స్థాయిలో ఒడియా పాసై ఉండాలని నిబంధన. తెలుగు పిల్లలు చాలామంది డిగ్రీ అయ్యాక ఈ సంగతి తెలుసుకుని, మీసాలొచ్చాక ఒడియా వర్ణమాల పట్టుకోవడం కళ్ళారా చూశాను.

ఇక అమ్మా, మీరు మార్కులు రాశారు గానీ తప్పులు రాయలేదు. 31 ఏళ్ళు పిల్లల పుస్తకాలు దిద్దాను. మార్కు ఏమీ చెప్పదు, తప్పే చెప్తుంది. ఆ జవాబుపత్రం తెచ్చుకుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది ఎందుకిలా రాశావు?" అని అడగండి. కోపంగా కాదు, కబుర్లాడుతున్నట్టు. మీకు ఒడియా చదవడం రాదన్నారు కాబట్టి చదివే వాళ్ళనెవరినైనా తోడు పెట్టుకోండి.

చదువు విషయంలో రెండు ముక్కలు వేరు చేసి చూడాలి. అక్షరం నోటికి రావడం ఒకటి, వచ్చినదాని అర్థం తెలియడం ఇంకొకటి. పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూడడానికి అసర్ సర్వే వాళ్ళు 2005 నుంచి ఇళ్ళకెళ్ళి చేసే పద్ధతి తేలికైనది, మీరూ చెయ్యొచ్చు. ముందు అక్షరాలు, తరవాత చిన్న మాటలు, ఆ తరవాత ఒకటో తరగతి స్థాయి పేరా, చివర రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగిపోతుందో అక్కడినుంచి మొదలుపెట్టాలి. మూడో తరగతి పిల్ల కదా అని మూడో తరగతి పుస్తకమే రుద్దితే లాభం లేదు. ఆ తరవాత అదే కథ మీరు తెలుగులో చెప్పి, ప్రశ్నలు వెయ్యండి. తెలుగులో టకటకా చెప్పేసి, ఒడియాలో నీళ్ళు నమిలితే పిల్ల బుర్రకి ఏ జబ్బూ లేదు. లిపి దగ్గరో, మాటల దగ్గరో ఎక్కడో ముడి పడింది.

పార్వతీపురం ఆలోచన మానండి. ఒక లిపి నుంచి ఇంకో లిపికి ఇప్పటికే ఒకసారి మార్చారు. మళ్ళీ మారిస్తే పిల్ల మూడోసారి ఒకటో తరగతి చదివినట్టే.

మీ బడిలో తెలుగు పిల్లలు మొత్తం ఎందరో కూడా లెక్కపెట్టండి. మాతృభాషలో ప్రాథమిక విద్యకి సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. తరగతిలో పది మంది గానీ బడి మొత్తంలో 40 మంది గానీ ఉంటే ఆ భాష టీచర్ని వెయ్యాలన్నది 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుంచి వస్తున్న లెక్క. కాయితం మీద ఉన్నదంతా నడుస్తుందని నేననను. అడిగేవాడు లేకపోతే మాత్రం అసలు నడవదు.

ఒక పక్కమాట. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళోనే పంతులుగా పనిచేశారు. సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తనకి సవర రావాలని, ఆ భాష నేర్చుకుని, దాంట్లో వాచకాలు రాశారు. ప్రభుత్వం బహుమతి ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండన్నారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసే మనవాళ్ళకి వ్యావహారిక భాష ఒక్కటే గుర్తుంటుంది, సవర గుర్తుండదు.

సిరొంచ_పోరడు:

అక్కా, మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా, సిరొంచ. గోదారి దాటితే తెలంగాణ. నేను నాలుగు దాంక మా ఊరి జిల్లా పరిషత్ బడిల మరాఠీల సదివిన. క్లాసుల సగం మందిమి తెలుగు, కొందరు గోండి పోరగాళ్ళు, సారు నాగపూర్ దిక్కు మనిషి. మంచిగనే ఉండె. అయిదుకొచ్చినంక మా బాపు అవతలి ఒడ్డున తెలుగు హాస్టల్ల ఏసిండు, "మన భాషల సదివితే పైకొస్తవు" అని. ఆడ నేను "మరాఠోడు" అయిన. అక్షరాలు మళ్ళ మొదటికెళ్ళి. ఏడాది మొత్తం వెనుక బెంచి. ఈడ మరాఠీ పాయె, ఆడ తెలుగు సగమే వచ్చె. ఇంటికొచ్చి పోలీసు భర్తీకి కూసుంటే పేపరు మరాఠీల ఉంది. రెండు సార్లు రాసినంక గానీ కాలే.

మా బాపును తప్పు పట్ట. కానీ ఆ నాలుగేండ్ల దోస్తులే ఇప్పటికీ నా దోస్తులు, హాస్టలోళ్ళు ఒక్కరు లేరు. పాపను దూరం పంపకు.

రైలుబండి_నాన్న:

మేష్టారూ, ఉద్యోగం మాట నిజమే, నాకు తెలియదు. మా పెద్దాడు తొమ్మిదికి వచ్చేశాడు. ఇప్పుడు మొదలెడితే కుదురుతుందంటారా?

గుణుపురం_టీచర్:

అమ్మా, నేను బిస్సంకటక్ బ్లాకులో ప్రాథమిక బడి టీచర్ని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పిల్లలు కువి. మీ గురుమా కష్టం నాకు తెలుసు. రెండు తరగతులు ఒక గదిలో పెట్టుకున్నప్పుడు చెయ్యెత్తిన పిల్లే కనిపిస్తుంది, ఎత్తనిది గోడలో కలిసిపోతుంది.

ఒడిశాలో గిరిజన పిల్లలకి మాతృభాషలో మొదలుపెట్టి మెల్లిగా ఒడియాలోకి తీసుకొచ్చే పద్ధతి 2007 ప్రాంతం నుంచి ఉంది. పది భాషలతో మొదలై 21 భాషలకి వచ్చింది. కువీ అందులో ఉంది. కానీ అది కోందు పిల్లలే ఎక్కువమంది ఉన్న కొండ ఊళ్ళ బడులకి సరిపోతుంది. మీ టౌను బడిలో నలుగురుంటే ఆ నలుగురికీ అందదు. కాబట్టి ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. చిన్నికి ఇంట్లో అడిగే అమ్మ ఉంది, ట్యూషను ఉంది, రాసే ఫోను ఉంది. దాని పక్కన కూర్చునే కోందు పిల్లకి ఎన్ని వచ్చాయో చూశారా?

ఇంకో సంగతి. కువి, తెలుగు దాయాది భాషలు. కంటిని కువిలోనూ కన్ను అనే అంటారు, ఒడియాలో ఆఖి. చెట్టుని మ్రాను అంటారు. మన పద్యాల్లో ఉన్న మ్రానే! నేను గోడకి చెట్టు బొమ్మ అంటించి కింద ఒడియా లిపిలో మూడు భాషల మాటలూ రాశాను. పిల్లలు తలో కొత్త మాటా తెచ్చి అంటిస్తున్నారు. చదవడం ఒడియా లిపే, మాట మాత్రం వాళ్ళ ఇంటిది. తెలిసిన మాటని చదివేటప్పుడు అక్షరం తొందరగా పట్టుబడుతుంది. మీ బడిలో నాలుగు భాషలున్నాయంటే మీకు గోడ నిండా సరుకు ఉన్నట్టే, గురుమాకి చెప్పి చూడండి.

కుట్టుమిషను_రాయగడ (మూడు వారాల తరవాత):

ఆలస్యమైంది, పెళ్ళిళ్ళ సీజను, మిషను దిగలేదు. మేష్టారు చెప్పినట్టే చేశాను. పక్కింటి మావుసికి ఒడియా బాగా వచ్చు, ఆవిడని కూర్చోబెట్టుకున్నాను.

ముందు లెక్కలు. మొదటి లెక్కే తప్పు. మావుసి "నాలుగూ రెండూ" అని చదివింది. చిన్ని జవాబు 10. నేను తిట్టబోయాను, మేష్టారు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. "ఎందుకమ్మా పది?" అన్నాను. "ఎనిమిదీ రెండూ పదే కదా" అంది! ఒడియా నాలుగు చూశారా, పైన మూత ఊడిన ఇంగ్లీషు 8 లాగ ఉంటుంది. పార్వతీపురంలో ఇంగ్లీషు అంకెలే నేర్చుకుంది, ట్యూషనక్కా అవే రాయిస్తుంది. బడి పుస్తకంలో ఒడియా అంకెలు. వరసలో ఉంటే చెప్పేస్తుంది, విడిగా లెక్కలో కనిపిస్తే ఎనిమిది అనేస్తోంది. ఏడు లెక్కలు నాలుగు ఉన్న పాపానికే పోయాయి. తను చదువుకున్న అంకెల ప్రకారం అన్నీ రైటే.

ఒడియా పేరాలో "పాఠొ" అనే మాట దగ్గర ఆగి "పాం" అంది. మావుసి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నేనూ అలాగే చదివాను! ఒడియా "ఠ" ఉత్త గుండ్రం. మనకి గుండ్రం అంటే సున్నా. పిల్ల దాన్ని మన సున్నాగా చదువుతోంది. ఒకటిన్నర సంవత్సరం నుంచి పాఠం అన్న చోటల్లా పాం అనుకుంటూ కూర్చుంది, ఎవరూ బిగ్గరగా చదివించలేదు.

కథ మాత్రం తెలుగులో చెప్పి అడిగితే, నేను చెప్పనిది కూడా కలిపి చెప్పింది.

గుణుపురం టీచరు గారు అడిగిన ప్రశ్నకి ఏమీ అనుకోలేదు గానీ, రెండు రోజులు అన్నం సయించలేదు. వెళ్ళి అడిగాను. ఆ పిల్లకి ఒడియాలో 50కి ఆరు. చిన్ని పక్క బెంచీయే, కందికాయల బుట్ట తెచ్చిన తల్లి కూతురే. చిన్నిని అడిగితే "దానికి అన్నీ వచ్చమ్మా, గురుమా అడిగితే మాట్లాడదు" అంది.

నేను ఎస్‌ఎంసిలో, అంటే బడి కమిటీలో మెంబర్ని, ఇన్నాళ్ళూ సంతకం పెట్టి టీ తాగి వచ్చేసేదాన్ని. ఈసారి మీటింగులో రెండు మాటలు మాట్లాడాను, కాళ్ళు వణికాయి. ఒకటి, రోజూ ఒక పదిహేను నిమిషాలు పిల్లల చేత బిగ్గరగా చదివించడం. రెండోది, గోడ మీద మాటల చెట్టు. గురుమా మొదట ముఖం ముడుచుకుంది, తనని తప్పు పట్టానేమో అనుకుంది. పాం కథ చెప్పాక నవ్వేసింది. ఇద్దరు టీచర్లే ఉన్న రోజు కుదరదని ముందే చెప్పేసింది, అదీ నిజమే. చెట్టుకి మాత్రం సరేనంది. మొదటి రోజే బీహారు మేస్త్రీ కొడుకు "పేడ్" అని రాసిచ్చాడట. మన పిల్లలు నేల మీద దొర్లారు, "చెట్టు అంటే పేడా" అని.

తెలుగు పిల్లలు బడి మొత్తంలో 23 మంది, మేష్టారూ. నలభై కాలేదు. పక్క వీధి బడిలోనూ కొంతమంది ఉన్నారు. రెండు బడులూ కలిపితే లెక్కలోకి వస్తుందా అన్నది మీరే చెప్పాలి.

ఇప్పుడు సాయంత్రాలు ఆ కోందు పిల్ల కూడా మా ఇంటికి వస్తోంది. నల్ల లైనింగు గుడ్డ ఒక గజం టేబులు మీద పరిచి, నా మార్కింగు సుద్దతో ఇద్దరూ రాసుకుంటారు. దులిపేస్తే పలకలాగ మళ్ళీ కొత్తది. ఆ పిల్ల మా దగ్గర బాగానే మాట్లాడుతుంది, కువిలో ఏదో చెప్తుంది, చిన్ని తెలుగులో జవాబిస్తుంది, ఎలా అర్థమవుతుందో వాళ్ళకే తెలియాలి.

మొన్న క్లాసు టెస్టులో చిన్నికి లెక్కల్లో 50కి 33. ఒడియాలో 22, పెద్దగా కదల్లేదు. మా ఆయన ఒడియా కాయితమే పట్టుకుని చూశాడు. ఫారం బీరువాలోంచి ఇంకా తియ్యలేదు, చింపనూ లేదు.

ట్యూషనక్కని ఒడియా అంకెలు రాయించమన్నాను, తనకీ రావట. ఆ ట్యూషనక్కకీ నేర్పాలి. ఎవరి దగ్గరైనా ఒడియా, తెలుగు పక్కపక్కన ఉన్న పిల్లల బొమ్మల పుస్తకం ఉంటే ఎక్కడ కొన్నారో రాయండి. రేపటికి నాలుగు బ్లౌజులు ఇవ్వాలి, హుక్కులు ఇంకా కుట్టలేదు.